ఓడ అడుగున ఇంజను గది



మనం ఉంటున్న శ్రీ విజయపురం, అంటే నిన్నమొన్నటి వరకూ పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన మన ఊరు, చెన్నైకి సుమారు 1190 కిలోమీటర్ల దూరంలో ఉంది. విశాఖపట్నానికి సుమారు 1200, కోల్‌కతాకు సుమారు 1255 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నదంతా బంగాళాఖాతమే. మీ నాన్నగారికో అమ్మగారికో ఇక్కడికి బదిలీ అయినప్పుడు మీరు విమానంలో రెండు గంటల్లో వచ్చేసి ఉంటారు. మీ బీరువా, మంచాలు, సైకిలు, పుస్తకాల పెట్టెలు మాత్రం ఓడలో వచ్చి ఉంటాయి. మనం తినే బియ్యం, గోడకు వేసే సిమెంటు, బడి బస్సులో పోసే డీజిలు కూడా అలా వచ్చినవే. ఓడ నాలుగు రోజులు ఆలస్యమైతే బజారులో ఉల్లిపాయల ధర ఎలా మారుతుందో మీ ఇంట్లో అడగండి, చెబుతారు.

హడ్డో రేవులో ఆగి ఉన్న ఓడను మీరంతా చూశారు. పైన తెల్లని గదులు, పొగగొట్టం, క్రేన్లు, జెండా కనిపిస్తాయి. ఆ ఓడను ఇంత దూరం తోసుకొచ్చినది మాత్రం మన కంటికి కనిపించదు. అది ఓడ వెనుక భాగంలో, చాలావరకు నీటి మట్టానికి కిందే ఉంటుంది. దాని పేరే ఇంజను గది. ఈ పాఠంలో మనం ఆ గదిలోకి దిగి, అక్కడ ఏ యంత్రం ఏం చేస్తుందో, అక్కడి మనుషులు ఎలా పని చేస్తారో తెలుసుకుందాం.

తెరచాప నుంచి డీజిలు దాకా

పూర్వం మన గోదావరి జిల్లాలోని కోరంగి రేవు నుంచి తెరచాప ఓడలు బర్మా దాకా వెళ్లేవి. గాలి ఉంటే ప్రయాణం, లేకుంటే నిరీక్షణ. తరువాత ఆవిరి ఓడలు వచ్చాయి. 1858 మార్చి 10న మొదటి ఖైదీలను ఈ దీవులకు తెచ్చిన 'సెమిరామిస్' ఆవిరితో నడిచిన ఓడే. 1911లో సావర్కర్‌ను సెల్యులార్ జైలుకు తెచ్చిన 'మహారాజా' కూడా ఆవిరి ఓడే. ఆ కాలపు ఆవిరి ఓడల అడుగున కళాసీలు నిప్పుగూళ్ల ముందు నిలబడి పారలతో బొగ్గు వేస్తూనే ఉండాలి. పారలు ఆగితే ఆవిరి తగ్గేది, ఆవిరి తగ్గితే ఓడ నెమ్మదించేది.

జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. పదిహేనేళ్లకు, 1912లో, డెన్మార్క్‌లో కట్టిన 'సెలాండియా' అనే సరుకుల ఓడ డీజిలు ఇంజనుతో కోపెన్‌హేగన్ నుంచి బ్యాంకాక్ దాకా ప్రయాణించింది. బొగ్గు లేదు, నిప్పుగూడు లేదు, ఎత్తయిన పొగగొట్టం కూడా లేదు. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఈనాడు సముద్రంలో తిరిగే పెద్ద సరుకుల ఓడల్లో ఎక్కువ భాగం ఆ దారిలో వచ్చినవే.

మెట్లు దిగుదాం

ఇంజను గది తలుపు తీయగానే ముందు వేడి తగులుతుంది. మన సముద్రాల మీద ఆ గదిలో 40 డిగ్రీలు దాటడం మామూలు. తరువాత చప్పుడు. అది 100 డెసిబెళ్లను మించుతుంది కాబట్టి చెవులకు రక్షణ లేకుండా లోపలికి వెళ్లకూడదు. పక్కన ఉన్నవాళ్లు అరిచినా వినబడదు. అందుకే అక్కడివాళ్లు చేతి సైగలతో మాట్లాడుకుంటారు.

పెద్ద ఓడలో ఇంజను గది నాలుగైదు అంతస్తుల లోతు ఉంటుంది. మెట్లన్నీ ఇనుపవే, నిటారుగా ఉంటాయి. ఒక చేయి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి, ఎందుకంటే ఓడ ఊగుతుంది. జూలైలో నైరుతి గాలుల వేళ బంగాళాఖాతంలో ప్రయాణించినవాళ్లకు ఆ ఊపు ఎలాంటిదో తెలుసు. గదిలో ఒక మూల అద్దాలు బిగించిన చల్లని గది ఒకటి ఉంటుంది. దాన్ని కంట్రోల్ రూమ్ అంటారు. అక్కడ మీటర్లు, తెరలు, మీటలు, హెచ్చరిక దీపాలు ఉంటాయి. ఓడ పైభాగంలో కెప్టెన్ నిలబడే చోటును బ్రిడ్జి అంటారు. బ్రిడ్జి నుంచి 'ముందుకు నెమ్మదిగా', 'సగం వేగం', 'ఆపు', 'వెనక్కి' వంటి ఆజ్ఞలు టెలిగ్రాఫ్ అనే పరికరం ద్వారా ఇక్కడికి వస్తాయి.

ప్రధాన ఇంజను

గది మధ్యలో ఇంటి మాదిరిగా నిలబడి ఉండేది ప్రధాన ఇంజను. ఎంత పెద్దదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2006లో సముద్రంలోకి వచ్చిన 'ఎమ్మా మెర్స్క్' అనే కంటైనర్ల ఓడలోని ఇంజనుకు 14 సిలిండర్లు ఉన్నాయి. ఆ రకం ఇంజను పొడవు సుమారు 27 మీటర్లు, ఎత్తు 13.5 మీటర్లు, బరువు 2300 టన్నులు. శక్తి సుమారు 80,000 కిలోవాట్లు. ఒక్కో సిలిండరు వెడల్పు 96 సెంటీమీటర్లు. లోపల పిస్టన్ ఒక్కసారి కిందికి దిగితే 2.5 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఆ సిలిండరులో ఆరడుగుల మనిషి హాయిగా నిలబడవచ్చు. ఇంజను ఆగి, చల్లారి, గాలి పరీక్ష జరిగాక మరమ్మతు కోసం మనుషులు నిజంగానే అందులోకి దిగుతారు.

ఇది ఎలా పని చేస్తుంది? సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించి ఉంటారు. గాలిని వేగంగా నొక్కితే అది వేడెక్కుతుంది. పిస్టన్ పైకి వెళ్తూ గాలిని ఎంతగా నొక్కుతుందంటే, ఆ వేడిలోకి సన్నని తుంపరగా నూనె చల్లగానే దానంతట అదే మండుతుంది. నిప్పురవ్వ అక్కరలేదు. ఆ మంట తోపుతో పిస్టన్ కిందికి దిగుతుంది. దిగువకు చేరే వేళకు పైనున్న కవాటం తెరుచుకుని పొగ బయటికి పోతుంది, అడుగున ఉన్న రంధ్రాల నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. మళ్లీ పిస్టన్ పైకి వెళ్తుంది. పైకి ఒకసారి, కిందికి ఒకసారి, అంతే. అందుకే దీన్ని టూ స్ట్రోక్ ఇంజను అంటారు.

ఇంత పెద్ద యంత్రం ఎంత వేగంగా తిరుగుతుందనుకుంటున్నారు? పూర్తి వేగంలో నిమిషానికి 102 సార్లు మాత్రమే. మీరు మైదానం చుట్టూ ఒకసారి పరుగెత్తి వచ్చి నాడి పట్టుకుని చూస్తే అది ఇంతకంటే వేగంగా కొట్టుకుంటుంది. పెద్ద పంకా నీటిలో నెమ్మదిగా తిరిగితేనే శక్తి వృథా కాకుండా ఉంటుంది. అందుకే ఇలాంటి ఇంజనుకూ పంకాకూ మధ్య గేర్లు ఉండవు. పొడవాటి ఇనుప ఇరుసు ఒకటి రెంటినీ నేరుగా కలుపుతుంది. ఓడ వెనక్కి వెళ్లాలంటే ఇంజనును ఆపి, ఎదురు దిశలో తిప్పాలి. చిన్న ఓడల్లో ఇంకొంచెం వేగంగా తిరిగే చిన్న ఇంజన్లు, వాటికి గేర్లు ఉంటాయి.

కారు ఇంజనును బ్యాటరీ తిప్పి లేపుతుంది. ఈ కొండను ఏ బ్యాటరీ కదపగలదు? అందుకని పెద్ద ఇనుప సీసాల్లో గాలిని దట్టించి దాచి ఉంచుతారు. మీట లాగగానే ఆ గాలి సిలిండర్లలోకి దూకి పిస్టన్లను కదిలిస్తుంది. మళ్లీ నింపకుండా కనీసం 12 సార్లు ఇంజనును లేపగలిగేంత గాలి నిల్వ ఉండాలని నియమం. రేవులోకి వచ్చేటప్పుడు ముందుకు, ఆపు, వెనక్కి అని వరసగా ఆజ్ఞలు వస్తుంటాయి. ఆ సమయంలో గాలి అయిపోతే ఓడకు ఇంజను ఉండీ లేనట్టే.

చుట్టూ ఉన్న పరివారం

పెళ్లిలో పెళ్లికొడుకు ఒక్కడే, చుట్టం పక్కం వందమంది. ఇంజను గదిలోనూ అంతే. ప్రధాన ఇంజను ఒక్కటే, దానికి సేవ చేసే యంత్రాలు ఎన్నో.

నూనెను శుద్ధి చేసేవి: ఓడ మండించే నూనె చల్లగా ఉన్నప్పుడు తారులా చిక్కగా ఉంటుంది. దాన్ని ఆవిరితో వేడిచేసి, గిర్రున తిరిగే యంత్రంలో పోస్తారు. మజ్జిగ చిలికితే వెన్న వేరుపడినట్టు, ఆ తిప్పుడుకు నీరు, మడ్డి వేరుపడతాయి. మళ్లీ 120 డిగ్రీలకు పైగా వేడిచేశాకే అది తుంపరగా మారేంత పలచబడుతుంది. ఈ నూనెలో గంధకం 0.50 శాతానికి మించకూడదని 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా నియమం ఉంది. అంతకుముందు 3.50 శాతం దాకా అనుమతించేవారు.

చల్లబరిచేవి: ఇంజను గోడల మధ్య మంచినీరు తిరుగుతూ వేడిని పీల్చుకుంటుంది. ఆ మంచినీటిని సముద్రపు నీరు చల్లబరుస్తుంది. సముద్రపు నీరు లోపలికి వచ్చే దారిలో జల్లెడలు ఉంటాయి. మనం ఒడ్డున పారేసిన ప్లాస్టిక్ సంచి వెళ్లి ఆ జల్లెడకు అడ్డం పడితే ఇంజను వేడెక్కిపోతుంది.

మంచినీరు తీసేవి: చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. అయితే ఇంజను నుంచి వచ్చిన వేడినీరు ఉంది కదా! ఒక మూసిన పాత్రలోని గాలిని చాలావరకు తీసేస్తే అందులో సముద్రపు నీరు 100 డిగ్రీలకు బదులు 50 డిగ్రీల లోపే మరుగుతుంది. ఆ ఆవిరిని చల్లార్చితే మంచినీరు. వృథాగా పోయే వేడితో రోజుకు 20 టన్నులకు పైగా నీరు తీసే యంత్రాలు పెద్ద ఓడల్లో ఉంటాయి.

కరెంటు ఇచ్చేవి: మూడో నాలుగో జనరేటర్లు ఉంటాయి. దక్షిణ అండమాన్‌లో మన ఇళ్లకు వచ్చే కరెంటు కూడా ఎక్కువగా డీజిలు జనరేటర్లదే కాబట్టి ఆ చప్పుడు మనకు కొత్త కాదు. ఓడలో కరెంటు పోతే దీపాలు మాత్రమే ఆరవు. నీటిపంపులు, నూనెపంపులు ఆగుతాయి, వాటితో ప్రధాన ఇంజను ఆగుతుంది, చుక్కాని కదలదు. అందుకే ఇంజను గదికి బయట, ఎత్తులో, అత్యవసర జనరేటరు ఒకటి ఉంచుతారు. కరెంటు పోయిన 45 సెకన్లలో అది దానంతట అదే అందుకోవాలి.

మురికిని ఆపేవి: ఇంజను గది అడుగున చేరిన నూనె కలిసిన నీటిని అలాగే సముద్రంలో పోయకూడదు. పది లక్షల పాళ్లలో నూనె 15 పాళ్లకు మించకుండా వడకట్టాకే వదలాలి. మన పగడపు దిబ్బలకు ఈ నియమం ఒక కాపలా.

అక్కడి మనుషులు

ఇంజను గది పెద్దను చీఫ్ ఇంజనీరు అంటారు. ఆయన తరువాత సెకండ్, థర్డ్, ఫోర్త్ ఇంజనీర్లు, కరెంటు పని చూసే అధికారి, ఫిట్టరు, యంత్రాలకు నూనె పెట్టి చూసుకునే ఆయిలర్లు, శుభ్రం చేసే వైపర్లు ఉంటారు. పాత ఓడల్లో కళాసీల పెద్దను సరంగు అనేవారు. ఆ మాట మన తెలుగులోనూ ఉంది.

పని గడియారంతో నడుస్తుంది. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. పన్నెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పన్నెండు. పగలూ ఇంతే, రాత్రీ ఇంతే. ఈ వంతును వాచ్ అంటారు. తరువాతి వంతువాళ్లు కాస్త ముందే వచ్చి, లాగ్ పుస్తకం చదివి, యంత్రాల చుట్టూ తిరిగి చూసి, ఆపైన బాధ్యత తీసుకుంటారు. రాబోయే మనిషి జబ్బుతోనో మత్తులోనో ఉన్నట్టు అనుమానం వస్తే అప్పగించకూడదు. ఇల్లు చేరాలనే తొందర ఎంత ఉన్నా ఈ నియమం మారదు. మీ ఇళ్లలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లుంటే ఈ సంగతి వాళ్లకు తేలికగా అర్థమవుతుంది.

కొత్త ఓడల్లో రాత్రివేళ ఇంజను గదిలో ఎవరూ ఉండకపోవచ్చు. ఏదైనా తేడా వస్తే డ్యూటీలో ఉన్న ఇంజనీరు గదిలో గంట మోగుతుంది. ఆ ఇంజనీరు ఒంటరిగా కిందికి దిగితే ఇంకొక గడియారం నడవడం మొదలవుతుంది. అరగంట లోపు ఒక బొత్తాం నొక్కుతూ ఉండాలి. నొక్కకపోతే ఆ మనిషికి ఏదో అయిందని పైవాళ్లకు హెచ్చరిక వెళ్తుంది.

ఎందుకింత జాగ్రత్త? వేడి గొట్టం మీద నూనె చిమ్మితే చాలు, మంట లేస్తుంది. అందుకే ఎక్కువ ఒత్తిడితో నూనె పోయే గొట్టానికి బయట ఇంకో గొట్టం తొడుగుతారు. లోపలిది పగిలినా నూనె బయటికి చిమ్మదు. మంట మరీ పెద్దదైతే తలుపులన్నీ మూసి గదిని కార్బన్ డయాక్సైడ్‌తో నింపుతారు. ఆ వాయువు మంటను ఆర్పుతుంది, లోపల మనిషి ఉంటే ప్రాణమూ తీస్తుంది. కాబట్టి దాన్ని వదిలే ముందు అందరినీ లెక్కపెడతారు. ఒక్క తల తగ్గినా ముందు ఆ మనిషి ఎక్కడున్నారో తేలాలి.

1912లో టైటానిక్ మునిగినప్పుడు చివరి నిమిషాల దాకా ఆ ఓడలో దీపాలు వెలిగాయి. ఆ వెలుతురులోనే ఎందరో పడవలు ఎక్కారు. ఆ ఓడ ఇంజనీర్లలో ఒక్కరూ బతికి బయటపడలేదు.

ఒక్క తీగ

2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి 'డాలి' అనే కంటైనర్ల ఓడ కొలంబోకు బయలుదేరింది. దాని పొడవు సుమారు 300 మీటర్లు. సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఓడలో కరెంటు పోయింది. వచ్చింది, మళ్లీ పోయింది. పంపులు ఆగడంతో ఇంజను ఆగింది. ఓడ దారి తప్పి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొట్టింది. వంతెన కూలింది. దాని మీద రోడ్డు మరమ్మతు చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ నుంచి ముందే హెచ్చరిక అందడంతో పోలీసులు వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపగలిగారు. లేకుంటే ఇంకెందరు పోయేవారో.

దాదాపు ఇరవై నెలల దర్యాప్తు తరువాత 2025 నవంబరులో కారణం ప్రకటించారు. స్విచ్‌బోర్డులో ఒక తీగ సరిగ్గా బిగిసి లేదు. తీగకు తగిలించిన పేరుపట్టీ అడ్డుపడి, దాని కొన పూర్తిగా లోపలికి దిగలేదు. వేలాది తీగల్లో ఒక్క తీగ!

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు అంటారు. ఇంజను గదిలో రోజూ జరిగే పనంతా గోటితో పోయే పనే. బోల్టు బిగువు చూడడం, గొట్టం మీద చేయి పెట్టి వేడి చూడడం, చప్పుడులో తేడా వినడం, కనిపించిన అంకెను ఉన్నది ఉన్నట్టు లాగ్ పుస్తకంలో రాయడం. ఆ పని బాగా జరిగిన రోజు ఏ వార్తా రాదు. ఓడ వేళకు రేవు చేరుతుంది, అంతే.

మన విశాఖ, మన దీవులు

స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'. విశాఖపట్నంలో 1948 మార్చి 14న నెహ్రూ దాన్ని సముద్రంలోకి ప్రవేశపెట్టారు. ఆ కర్మాగారమే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ప్రయాణికులను, సరుకులను ఈ దీవులకు తెచ్చే 'స్వరాజ్ ద్వీప్' ఓడ అక్కడ కట్టినదే. తెలుగు నేల మీద పుట్టిన ఓడ మన హడ్డో రేవుకు వస్తుందన్నమాట.

మన గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ ఉంది. దానికి దిగువగా, సూయజ్ నుంచి సింగపూర్ వైపు వెళ్లే పెద్ద పెద్ద ఓడలు మలక్కా జలసంధి కోసం సాగిపోతుంటాయి. ప్రతి ఓడ అడుగునా ఇప్పుడు మనం చూసిన గది ఒకటి ఉంటుంది.

మీలో ఎవరికైనా ఆ గదిలో పని చేయాలని ఉంటే, పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదవాలి. ఇంగ్లీషు కూడా బాగా రావాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాయాలి. చూపు, వినికిడి బాగుండాలి. ఆడపిల్లలూ, ఇది మీకు కాదనుకోకండి. కోల్‌కతాలో చదివిన సోనాలీ బెనర్జీ 1999లో మన దేశపు మొదటి మహిళా మెరైన్ ఇంజనీరు అయ్యారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాల్సిన ఉద్యోగం ఇది. ఏ ఊరు వెళ్లినా రెండు మూడేళ్లకు పెట్టెలు సర్దుకునే మీకు ఆ కష్టం కొంత తెలిసినదే.

పదాలు – అర్థాలు

కవాటం: ద్రవం, వాయువు పోయే దారిని తెరిచి మూసే మూత
ఇరుసు: చక్రాన్ని లేదా పంకాను తిప్పే కడ్డీ
చుక్కాని: ఓడను పక్కకు తిప్పే సాధనం
కళాసీ: ఓడలో పని చేసే నావికుడు
సరంగు: కళాసీల పెద్ద
మడ్డి: నూనె అడుగున పేరుకునే చిక్కని మురికి

చేసి చూడండి

1. 14 సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 102 సార్లు తిరుగుతోంది. ఒక్కో తిప్పుకు ఒక్కో సిలిండరులో ఒకసారి మంట పుడుతుంది. నిమిషానికి మొత్తం ఎన్నిసార్లు?

2. 80,000 కిలోవాట్ల ఇంజను ఒక్కో కిలోవాట్‌కు గంటకు 170 గ్రాముల నూనె తాగితే, పూర్తి శక్తితో రోజుకు ఎన్ని టన్నులు కావాలి?

3. ఓడలో కరెంటు పోతే ప్రధాన ఇంజను ఎందుకు ఆగుతుంది? మీ మాటల్లో రాయండి.

4. ఈ వారం మీ ఇంటికి వచ్చిన వస్తువుల్లో ఓడలో వచ్చినవి ఏవో కనుక్కుని పట్టిక తయారు చేయండి.

5. మీ ఇంట్లోనో మీ కాలనీలోనో ఎవరూ గమనించని పనిని రోజూ చేసే ఒకరితో మాట్లాడండి. ఆ పని ఒక్కరోజు ఆగితే ఏమవుతుందో అడిగి, పది వాక్యాలు తెలుగులో రాయండి.

(జవాబులు: 1. 1428 సార్లు. 2. సుమారు 326 టన్నులు.)